యాదగిరి కారుకు ఆరున్నర టైర్లు

అరవైమూడో, అరవైనాలుగో సరిగ యాదికి లేదు. నందికొండ కాడ నాగార్జునసాగర్ డ్యాం కడుతున్న రోజులు. నల్గొండల నాకు టైర్ల దుకాణం ఉండె. పొద్దుగాల తలుపు తీస్తే పొద్దుమీకినా నడుము వాల్చే తీరిక లేదు. సిమెంటు లారీలు, జీపులు, టాక్సీలు. ఆ డ్యాం తొవ్వ రాళ్లకు ఎంత మంచి టైరైనా నిలువకపోతుండె. వచ్చేటోళ్లందరు తొందరపడేటోళ్లే, చెప్పింది ఒక్కడు ఇనడు.

యాదగిరి అని ఆ తొవ్వల ఒక పల్లె పిల్లగాడు, పాత విలాయతి కారుతోని టాక్సీ నడుపుతుండె. దాని అసలు చక్రాలకు టైర్లు దొరుకుతలేవని హైదరాబాద్ పోయి జీపు రిమ్ములు తెచ్చి బిగించుకున్నడు. అంతటితోని ఊకోక కమాన్లల్ల ఒక్కో పట్టీ తీయించిండు. కమాను అంటే బండి బరువు మోసే ఇనుప పట్టీల కట్ట. పట్టీ తీస్తే కుదుపు తగ్గుతది, గని బండి కిందికి దిగుతది.

నెత్తి గిట్ల ఖరాబయిందారా అని కోప్పడ్డ. అప్పుడు చెప్పిండు. పెండ్లాం లచ్చమ్మకు నెలలు నిండుతున్నయట. ముందటి రెండు కాన్పులకు ఎడ్లబండి మీద దవాఖానకు తెస్తుంటే, కుదుపులకు తొవ్వలనే పిల్లలు పోయిన్రట. గీసారి మెత్తగ తేవాలె అన్నడు.

టైరు సైజు కాడ పేచీ వచ్చింది. 6.00-16 అంటే టైరు లావు ఆరు అంగుళాలు, రిమ్ము అడ్డం పదహారు. అది ఏస్తే దిగిన కారు కడుపు రాళ్లకు తాకుతది. 6.50 ఏస్తే బండి జర లేస్తది, గని టైరు మీద మడ్‌గార్డుకు ఒరుస్తది. ఖాళీ బండికి నాలుగు చేతివేళ్లు పట్టేంత సందు కనబడంగనే యాదగిరి సంబురపడ్డడు. ఖాళీ బండి కొలత నేనెన్నడు నమ్మ. పక్క హోటల్ల చాయ్ తాగేటోళ్లను పిలిచి ఎనుక కూసోపెట్టిన. ఇద్దరు కూసుంటే సందుల ఏలు పట్టింది. ఇంకో ఇద్దరు ఎక్కంగనే టైరు పోయి మడ్‌గార్డుకు ఆనింది.

దవాఖానకు పోయేటప్పుడు ఎవలెవలు ఎక్కుతరని అడిగిన.

"మా లచ్చమ్మ, మా అమ్మ. ఇంకెవలున్నరన్నా?" అన్నడు.

ఇద్దరికయితే ఆరున్నర నడుస్తది, మీద ఒక్కర్ని ఎక్కియ్యకు అని మరీ మరీ చెప్పి బిగించిన.

ఒకనాడు పగటీలి ఎండల రబ్బరు కాలిన వాసనతోని ఆ కారు నా దుకాణం ముందట ఆగింది. ఎనుక టైరు అంచు ఒరిసి ఒరిసి లోపలి నార తేలింది. లోపల యాదగిరి తల్లి, అత్త, మేనత్త, వదినెలు, మంత్రసాని. నడుమ లచ్చమ్మ నొప్పులతోని చెమటలు కక్కుతున్నది. దవాఖాన ఊరి ఆ కొసకున్నది. గిట్లనే పోతే టైరు పగులుతది, జర దిగుండ్రమ్మా అని బతిమిలాడిన. ఎవ్వలు కదల్లే. అది మొండితనం కాదు. మా దిక్కు కాన్పుకు పోయే ఆడిబిడ్డను ఒంటిగ తోలరు. నడుమ దిగినామెకు ప్రేమ లేదంటరు, ఆ మాట బతికినన్నొద్దులు ఉంటది. యాదగిరి తల వంచుకొని నిలవడ్డడు. తల్లిని దిగుమంటడా, అత్తను దిగుమంటడా? నాకు కోపం గూడ రాలే, ఏడుపొచ్చింది.

లచ్చమ్మనే పండ్లు బిగవట్టుకొని అన్నది.

"అత్తా, మీరందరు దిగుండ్రి. మీరందరు పక్కకుండంగనే ఇద్దర్ని పోగొట్టుకున్న. గీ ఒక్క పానాన్నన్న దక్కించుకోనియ్యుండ్రి."

ముందుగాల దిగింది యాదగిరి తల్లే. మంత్రసాని ఒక్కతి ఉన్నది, మిగిలినోళ్లంత దిగిన్రు. కారు లేచింది, మడ్‌గార్డు కింద సందు కనబడ్డది. యాదగిరి మెల్లగ పోనిచ్చిండు.

ఆడోళ్లు నా దుకాణంల పాత టైర్ల మీద కూసున్నరు. నీళ్లిస్తే గూడ యాదగిరి తల్లి తాగలే. పొద్దుగూకేటాల్లకు యాదగిరి ఉరుక్కుంట వచ్చి ఆడపిల్ల పుట్టింది, తల్లీ పిల్లా పానంతోని ఉన్నరని చెప్పిండు. యాదగిరి తల్లి కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది.

ఎన్నో ఏండ్లు టైర్ల పని చేసి చేసి అలసిపోయిన. ఆ కారు నేర్పింది ఒక్కటే. టైరుకు కొలత ఉన్నది, రిమ్ముకు కొలత ఉన్నది. బండ్ల ఎవలు ఎక్కుతరో అడిగి తెలుసుకోవచ్చు. దిగుమని ఎవలు చెప్పాలెనో మాత్రం ఏ కొలతల లేదు, ఆనాడు నొప్పులు పడేటి లచ్చమ్మనే చెప్పవలసొచ్చింది.