మంద దాకా రాని రెండు చుక్కలు

నేను వైద్యశాఖకు రాసిన ఉత్తరాలకు ఇంతవరకు ఒక్క జవాబూ రాలేదు. మాజీ సైనికుల సమావేశాల్లో కూడా నన్ను లడఖ్ చలి గురించి మాట్లాడమంటారు, చప్పట్లు కొడతారు. పోలియో డ్యూటీ మాట ఎత్తగానే మైకు పక్కవాడికిస్తారు. సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుగా పనిచేశాను. కానీ నన్ను వదలని డ్యూటీ మంచుకొండల్లో చేసింది కాదు. అది మదనపల్లెలో మొదలై కుప్పంలో ముగిసింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. డిసెంబరు. పింఛను తీసుకుని ఊరికే కూర్చోలేక పల్స్ పోలియోకు సహాయకుడిగా పేరిచ్చాను. ఉదయం ఆరున్నరకు మదనపల్లెలో రిపోర్టు చేశాను. పొగమంచు. ఎదుటి మనిషి కనబడడం లేదు. కంట్రోల్ రూములో డాక్టరు నా కాగితం చూసి, "మిలిటరీనా? ఇది బార్డరు కాదప్పా, సంటిబిడ్డల పని" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికీ టీ వచ్చింది. నాకు రాలేదు.

నాకు ఒక జీపు, ఒక డ్రైవరు, ఒక ఐసుపెట్టె ఇచ్చారు, తోడుగా ఒక నర్సమ్మను పంపారు. పుంగనూరు రూటు. ఆర్డర్లు ఇవి: ఆదివారం కేంద్రాల్లో చుక్కలు. సోమ, మంగళవారాలు ఇంటింటికీ. వేసిన ఇంటి తలుపు మీద సుద్దతో పి అక్షరం. తాళం వేసి ఉంటే ఇంటూ గుర్తు, మళ్లీ రావాలని. మందు సీసా మీద ఒక చిన్న వలయం, అందులో తెల్ల చదరం. వేడి తగిలేకొద్దీ చదరం నల్లబడుతుంది. బాగా నల్లబడితే సీసా పారేయాలి. నేను పనిచేసిన కాలంలో ఇలాంటిది చూడలేదు. ఎవరు కనిపెట్టారో గానీ, తల ఉన్న మనిషి అనుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నానికి రూటు పూర్తయింది. మా నర్సమ్మ మిగిలిన సీసాలు పుంగనూరు ఆసుపత్రిలో అప్పజెప్పి అక్కడే దిగిపోయింది. నా పెట్టెలో ఐసు ముక్కలు తప్ప ఏమీ లేవు. తిరిగి వస్తుంటే రోడ్డుకు ఎడమన, వేరుశనగ పీకేసిన చేలో గొర్రెల మంద కనిపించింది. మా వైపు పంట తీశాక రైతులు ఎరువు కోసం మంద పెట్టించుకుంటారు. ఒక చేలో కొన్ని రాత్రులు, తర్వాత ఇంకో చేను. కాపరి సంసారమంతా మంద పక్కనే.

జీపు ఆపమన్నాను. "గొర్రెలకి గూడా ఏస్తామా సార్ సుక్కలు?" అన్నాడు డ్రైవరు. నాకూ నవ్వొచ్చింది.

కాపరి రెడ్డెప్ప, భార్య నారాయణమ్మ. తంబళ్లపల్లె దగ్గరి పల్లె. కూతురు సుజాతకు ఏడాదిన్నర. గొర్రెపిల్ల తోక పట్టుకుని దాని వెనకే నడుస్తోంది. అది గంతేస్తే కూలబడుతోంది, లేచి మళ్లీ పట్టుకుంటోంది. పుట్టినప్పటినుంచి మంద వెంటే తిరగడంతో ఆ బిడ్డ నోట ఒక్క చుక్కా పడలేదు. ఊళ్లో ఇంటికి తాళం.

"మా కాడికి ఎవురూ రాలేదప్పా" అంది నారాయణమ్మ. "జీపు అట్ట పోతాండాది, ఇట్ట వస్తాండాది. సూస్తానే ఉండాం."

"ఈడనే ఉండమ్మా. ఈ పొద్దే తెస్తా" అన్నాను. మాట ఇచ్చాను.

వెనక్కి పుంగనూరుకు వెళ్లి, ఎస్టీడీ బూతు నుంచి కంట్రోల్ రూముకు ఫోను చేశాను.

"వాళ్లది ఏ ఊరు?" అన్నాడు డాక్టరు.

"తంబళ్లపల్లె మండలం సార్."

"అయితే వాళ్లు ఆడ లెక్క. ఈడ ఏస్తే రెండుసార్లు లెక్కకొస్తాది."

"ఆడ తాళం సార్. బిడ్డ ఈడ ఉండాది."

"మిలిటరీ, సెప్పింది సెయ్. జీపు పంపించు."

ఆయన మాట లేకుండా సీసా ఇవ్వలేమన్నారు ఆసుపత్రిలో. సాయంత్రం దాకా మెట్ల మీద కూర్చున్నాను. మర్నాడు పొద్దున ఆసుపత్రిలో వేరే డాక్టరు డ్యూటీకొచ్చి, విని, మారు మాట్లాడకుండా ఇచ్చాడు. సీసా, ఐసు చిన్న పెట్టెలో పెట్టుకుని బస్సెక్కాను.

చేను ఖాళీ. గూటాలు పీకిన గుంతలు, పెంటికలు, మూడు రాళ్ల పొయ్యిలో బూడిద.

"అవతల చేను ఆసామి మనిషిని పంపినాడు. రాత్రికి మంద ఆడుండాలని" అన్నాడు పక్క చేలోని రైతు. "ఆ యమ్మ సీకటి పడేదాకా రోడ్డు మిందకే సూస్తా నిలబడుకోనుండె. ఎవురో సుక్కల మందాయన వస్తాడనె."

ఆ అవతలి చేను ఎక్కడో అతనికి తెలియదు. ఐసు నీళ్లయ్యేదాకా తిరిగాను. దొరకలేదు.

నేను ఫిర్యాదు రాశాను. జవాబుకు బదులు నన్ను కుప్పం పంపారు. రైల్వే స్టేషన్ డ్యూటీ. రైలు దిగిన ప్రతి బిడ్డకూ చుక్కలు. అరవవాళ్లు, కన్నడంవాళ్లు, ఎవరైనా సరే. ఏ ఊరని అడగొద్దు, ముందు వెయ్యి అన్నారు. చాలామందికి వేశాను. ప్రతిసారీ ఆ చేను గుర్తొచ్చేది. రైలుకు వర్తించిన ఆర్డరు గొర్రెల మందకు ఎందుకు వర్తించలేదు?

మరుసటి ఏడు కుప్పం డ్యూటీ ముగిసింది. ఇంటికి పోకుండా మదనపల్లెలో దిగి తంబళ్లపల్లె బస్సెక్కాను. ఇల్లు దొరికింది. తాళం లేదు. వానాకాలంలో జ్వరమొచ్చి సుజాత ఎడమ కాలు చచ్చుబడిందట. అప్పటినుంచి తల్లి మంద వెంట పోవడం లేదు.

ఆ రెండు చుక్కలతోనే జబ్బు ఆగేదని నేను ప్రమాణం చేయను. మందు చాలాసార్లు పడాలి. కానీ మొదటిసారంటూ పడాలి కదా.

నారాయణమ్మ నన్ను తిట్టలేదు. తలుపు చూపించింది. "మేం లేనప్పుడు మీవోళ్లు రాసిపోయిండారు. ఇంటూ పెడితే మల్లా వస్తారంట గదప్పా. అందుకే తుడిసేయకుండా పెట్టినా."

సుద్దతో రాసిన ఇంటూ గుర్తు. దాని కింద ద్వారబంధాన్ని రెండు చేతులతో పట్టుకుని ఒంటికాలి మీద నిలబడిన సుజాత. నా బూట్లు చూసి నవ్వింది. నేను కళ్లు మూసుకున్నా ఆ తలుపు కనిపిస్తుంది.

ఇప్పుడు ఒక్క రకం క్రిమి మీద గట్టిగా పనిచేసే చుక్కలు వచ్చాయి. జబ్బు పూర్తిగా పోయాక చుక్కలే ఆపేసి సూదిమందు ఉంచుతారట. చుక్కల్లో ఉండేది బలం తగ్గించిన బతికున్న క్రిమి, ఎప్పుడో అరుదుగా అది తిరగబడుతుంది కాబట్టి. మంచిదే. మందు ఇంకా మెరుగుపడాలి. సీసాకు వేడి తగిలితే కనిపెట్టే గుర్తు ఉంది మన దగ్గర. చేలో కూర్చున్న బిడ్డను కనిపెట్టే ఆర్డరు మాత్రం నేనింకా చూడలేదు.

ఆ రోజు ఫోను పెట్టేసిన డాక్టరు ఇది చదువుతారో లేదో తెలియదు. ఆయన కాకపోతే ఆయన కుర్చీలో ఇప్పుడున్నవారు చెప్పండి. తలుపు లేని సంసారానికి మళ్లీ వస్తామని ఎక్కడ రాస్తారు? రాశాక, ఎవరు వస్తారు? నాకు చెప్పకపోయినా ఫరవాలేదు. తంబళ్లపల్లె బస్సెక్కి నారాయణమ్మకు చెప్పండి.