ఆడపడుచు వాటా

ఏఎన్ఎంగా నేను మొదట పనిచేసింది సముద్రానికి దగ్గర ఊళ్లో. అక్కడ మరణాల రిజిస్టరులో వయసు గడి దగ్గర డెబ్బై రెండు, ఎనభై, డెబ్బై ఎనిమిది అని రాయడం చేతికి అలవాటైపోయింది. తర్వాత అనంతగిరి పైన మా కొండకే బదిలీ మీద వచ్చాను. ఇక్కడ అదే గడిలో నలభై ఆరు, యాభై, నలభై రెండు. కారణం మాత్రం రెండు చోట్లా ఒకటే రాశాను: వయసు మీరడం.

నన్నెవరూ తప్పుపట్టలేదు. మా కొండ మీద నలభై దాటితే మనవలుంటారు, ముసలోడనే అంటారు. పొద్దున తోటలో కూలబడి మధ్యాహ్నానికి పోతే, "ముసలోడు, ఎల్లిపోనాడు" అనుకుని ఊరుకుంటారు. జ్వరంతో పోతే రక్తపరీక్షలకీ, దోమల మందు కొట్టడానికీ మనుషులొస్తారు. బీపీతోనో షుగరుతోనో పోతే ఎవరూ రారు, నేను రాసే ఆ రెండు ముక్కల్లోనే సర్దుకుపోతుంది. తలుచుకుంటే నా మీద నాకే చిరాకు.

మా అన్న నాకంటే రెండేళ్లు పెద్ద. అమ్మానాన్న పోయాక నన్ను హాస్టల్లో చేర్చి చదివించింది అతనే. నిరుడు వానలు వెనకబట్టాక అతని బీపీ చూస్తే, మిషను చూపించిన అంకె నమ్మలేక రెండోసారి కట్టి చూశాను. డాక్టరు రోజుకొక మాత్ర రాసి, బతికినంతకాలం మానకూడదన్నారు. ప్రతి నెలా నేనే తెచ్చి అన్న చేతిలో పెట్టేదాన్ని.

"ఏసుకుంటన్నావా అన్నా?"

"ఏసుకుంటన్నాను సెల్లీ."

అయినా అంకె దిగేది కాదు. కూరలో ఉప్పు తగ్గించవేమని వదిన మీద విసుక్కున్నాను. మాత్రలు ఎటు పోతున్నాయో అడగాలని నాకు తట్టలేదు.

ఈ ఏడు కాఫీ పళ్లు ఏరుతూ అన్న తోటలోనే పడిపోయాడు. ఒక పక్క చెయ్యీ కాలూ చచ్చుబడ్డాయి. డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చారు. అంబులెన్సు వచ్చేసరికి ప్రాణం లేదు. నాకు ఏడుపు రాలేదు. మోసినవాళ్లకు మంచినీళ్లు ఇచ్చాను.

మూడో రోజు ఊళ్లోవాళ్లు బియ్యం, కందులు పట్టుకుని వచ్చారు. పక్కింటామె బియ్యం గిన్నె పక్కన అడ్డాకు పొట్లం ఒకటి పెట్టింది. విప్పితే కత్తిరించిన షీటు ముక్క, అందులో మూడు మాత్రలు.

"ఏటివి?" అన్నాను.

"మీ అన్న ఇచ్చినవే. ఇంటికిన్నని పంచీసినాడు, తలపోటొస్తే ఏసుకోమని. ఇవి మిగిలిపోనాయి."

తర్వాత వచ్చినవాళ్లూ ఒకటీ రెండూ తెచ్చి అక్కడే పెట్టారు.

చైత్రమాసంలో మా ఇటుకల పండగ వేటలో దొరికింది కుందేలైనా మా దగ్గర ఇంటింటికీ వాటా వేస్తారు. మొగుడు పోయి ఒంటరిగా ఉన్నామెకూ ఉంటుంది. పెళ్లై వెళ్లిన ఆడపడుచు వాటా వేరే తీసి, పొయ్యి మీద పొగకు ఎండబెట్టి, ఆమె వచ్చేదాకా దాస్తారు. మంచిదేదీ ఎవడూ ఒక్కడే తినడు. ఇదంతా ఇక్కడే పుట్టిన నాకు తెలియంది కాదు. మాత్రలిచ్చేటప్పుడు "మంచివన్నా, మానొద్దు" అన్నాను. ఇంకొకరికి ఇవ్వకూడదని చెప్పలేదు. నా అన్నను నేనే పోగొట్టుకున్నాననిపించింది. అప్పుడు కూడా ఏడుపు రాలేదు.

వదిన లేచి పొయ్యి పైనున్న అటక మీంచి ఇంకో పొట్లం తీసింది. అన్నిటికంటే అదే పెద్దది.

"అన్న ఏసుకోకుండా ఉంచుకున్నాడా?"

"ఆయన వాటా ఆయన ఏసుకునీవోడే, వారానికోటో రెండో. ఇది నీది. ఆడపడుసుకి తియ్యకపోతే ఎలాగ అనీవోడు. నీకూ తలపోటొస్తాది కదా."

నిజంగానే నాకు తలపోటు వస్తుండేది. కొండంతా తిరిగి అందరి చేతికీ కట్టిన మిషను నా చేతికి ఒక్కసారీ కట్టుకోలేదు. ఆ సాయంత్రం సబ్ సెంటర్లో కట్టుకున్నాను. ఇంచుమించు అన్న అంకే. రిజిస్టరు తీసి అతని వయసు రాశాను, నలభై మూడు. కారణం గడిలో మొదటిసారి బీపీ అని రాశాను.

మర్నాడు బస్సెక్కి డాక్టరు దగ్గరకు వెళ్లాను. నాకూ అదే మాత్ర రాశారు. ఇంటికొచ్చి, అన్న దాచిన పొట్లం విప్పాను.