శాంతమ్మవ్వ రెండో కార్డు

కొత్త కార్డుకు ఒక వాసన ఉంటుంది, ఇంకా ఆరని అచ్చు సిరా వాసన. ఈ జనవరి ఒకటో తేదీ ఉదయం ఆరాధన ముగిశాక, డిచ్‌పల్లిలోని మా చర్చిలో అయ్యగారు ఎప్పటిలాగే వాగ్దాన కార్డులు బోర్లించిన పళ్ళెం పట్టుకుని నిలబడ్డారు. మనిషికొకటి. ఈ ఏడాదికి దేవుడు మనకిచ్చే మాట అందులో ఉంటుందని మా నమ్మకం. నేను చెయ్యి పెట్టాను, రెండు తీశాను. "మళ్ళీ రెండేనా అమ్మా?" అని అయ్యగారు నవ్వారు. "అంటుకొని వచ్చినయ్ అయ్యగారు" అన్నాను. ఆ అబద్ధం నా సొంతం కాదు. శాంతమ్మవ్వ దగ్గర నేర్చుకున్నది.

శాంతమ్మవ్వను మీరు చూసి ఉండరు. పిడికెడు మనిషి, నోరు మాత్రం ఊరంత. చిన్నప్పుడు కుష్ఠు సోకిందని మాక్లూర్ వైపు పల్లె నుంచి వాళ్ళ బాపు ఆమెను తీసుకొచ్చి ఇక్కడి ఆసుపత్రిలో వదిలిపోయాడు. రోగం నయమైంది గానీ, తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. ఆసుపత్రి వంటింట్లో పనిచేస్తూ అక్కడే ముసలిదైంది. వంకరపోయిన ఆమె వేళ్ళకు స్పర్శ ఉండేది కాదు. కార్డుల పళ్ళెంలో చెయ్యి పెడితే ఆమెకు ప్రతిసారీ రెండు వచ్చేవి. "నా ఏళ్ళకేం ఎరుక అయ్యగారు, ఒకటో రెండో!" అనేది. అయ్యగారు పోనీలే అనుకునేవారు.

నా పెళ్ళయిన ఏడాది నాకొచ్చిన కార్డులో, నా పిల్లలు నా బల్ల చుట్టూ లేత మొక్కల్లా ఉంటారని ఉంది. మురిసిపోయి దాన్ని బియ్యం డబ్బా మూతకు అంటించుకున్నాను. ఆ డిసెంబరులో నా బిడ్డ లోకం చూడకుండానే కడుపులోనే పోయింది. కొత్త సంవత్సరం నాటికి మా ఆయన చెరకు లారీ మీద బోధన్ వైపు పోయి ఉన్నాడు. చర్చి గంట వినబడుతున్నా నేను తలుపేసుకుని పడుకున్నాను. దేవుడి మీద ఒళ్ళు మండిపోతోంది. మాట తప్పినవాడు మనిషైతే వాకిట్లోకి పోయి నిలదీస్తాం. ఆయన్ను ఎక్కడని పట్టుకోవాలి?

ఆరాధన వదిలిన కాసేపటికి తలుపు దబదబ మోగింది. "ఓ సునీతా! తియ్యి తల్పు. ఆకలైతుంది, చాయ్ పెట్టు!"

ముసలామెను వాకిట్లో నిలబెట్టలేక లేచాను. చాయ్ అందుకుని, కొంగుముడి పళ్ళతో విప్పి రెండు కార్డులు చాప మీద పెట్టింది. "నాకు సదువు రాదు. ఏమున్నదో సూసి సెప్పు" అంది. నేను ముట్టుకోలేదు. "నాకే మాటా వద్దవ్వా. పోయినేడు ఇచ్చిన మాట ఏమాయె?" అని డబ్బా మూత చూపించి భోరున ఏడ్చేశాను.

ఊరుకో అనలేదామె. చాయ్ ఊదుకుంటూ చెప్పింది. "నాకు గూడ ఒకపారి అచ్చింది, నిన్ను ఇంటికి తోలుకపోత అని. మాక్లూర్ బస్సు ఆగినప్పుడల్లా ఉరికిపోయి సూసేదాన్ని, బాపు దిగుతడేమోనని. ఏడాది ఒడ్సింది. ఎవ్వలు రాలె."

"మరేం జేసినవ్?"

"కొట్లాడిన. గిట్ల మొండి చేతులు జేసి ఇంకా మజాక్ చేస్తున్నవా అని తిట్టిన."

"దేవుడేమన్నడు?"

"ఏమనలె. గని నేను తిడుతుంటె లేసి పోలె బిడ్డా. బాపు పోయిండు. గాయిన పోలె."

కళ్ళు తుడుచుకుని ఒక కార్డు తీశాను. ముసలితనం దాకా ఎత్తుకుని మోస్తానని ఉంది. "అవ్వా, నాకు ఇరవై నాలుగేళ్ళు!" అన్నాను. ఏడుపులోనే నవ్వొచ్చింది. "గది నాదే, ఇటు తే" అని లాక్కుంది. రెండోదాంట్లో భయపడవద్దని, తోడుంటానని మాత్రమే ఉంది. "సూడు, గిది పిల్లలనిస్త అంటలేదు, తోడుంట అంటుంది. నీ పోయినేటి మాట నాకు సమజ్ గాలె. నాది నాకే గాలె. ఈయేటికి దీన్ని పట్టుకో" అని నా గుప్పిట్లో పెట్టి లేచింది.

కొన్నాళ్ళకు ఆసుపత్రి వంటింటికి పోతే, అవ్వ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ఆ వంకర వేళ్ళతోనే, ఒక్కొక్క రాయి! "ఏళ్ళకు ఎరుక లేదంటివి కదవ్వా?" అని నిలదీశాను. "ఏళ్ళకు లేకుంటె కండ్లకు లేదా?" అంది. మరి కార్డుల సంగతేమిటంటే నోరారా నవ్వింది. "ఇంకోటి ఇయ్యుమంటె అయ్యగారు ఎందుకు, ఏమిటికి అని సవాలక్ష అడుగుతడు. రానోళ్ళకు ఎవలు తేవాలె బిడ్డా?"

తర్వాత నాకు పిల్లలు కలగలేదు. డబ్బా మూత మీది కార్డు వెలిసిపోయింది గానీ పీకేయలేదు. దాని గురించి దేవుడికీ నాకూ తగాదా ఇంకా తెగలేదు. తిట్టిన రోజులున్నాయి, పలకని రోజులూ ఉన్నాయి. అయినా ఏటా వెళ్ళి ఆ పళ్ళెంలో చెయ్యి పెడుతూనే ఉన్నాను. అవ్వ పోయాక రెండో కార్డు నా పనైంది.

ఈ ఉదయం ఆరాధనకు మా గల్లీ చివరి శిరీష రాలేదు. మస్కట్ పోయిన ఆమె భర్త పెట్టెలో తిరిగొచ్చి నెల కూడా కాలేదు. చర్చి నుంచి నేరుగా ఆమె ఇంటికే నడిచాను. చేతిలోని కార్డుల్లో ఏముందో చూడలేదు. ఆ పిల్లకు ఏం చెప్పాలో కూడా నాకు తెలియదు. తలుపు తట్టాను. చాలాసేపటికి "ఎవరూ?" అని ఎండిపోయిన గొంతు వినబడింది.

"నేనే, సునీతక్కను. తల్పు తియ్యి శిరీషా. ఆకలైతుంది, చాయ్ పెట్టు."