కంప్లి బావకు పంపిన ఏడో నంబరు కార్డు

మనిషి ఎంత పద్ధతిగా మోసపోగలడో తెలుసుకోవాలనుకుంటే, పనులు కాసేపు పక్కన పెట్టి నా మాట వినండి. ఇంటర్నెట్‌లో పరిచయమైన ఒక ముక్కూమొహం తెలియని మనిషికి, మా ఇంట్లో అన్నిటికంటే అపురూపమైన వస్తువును మూడు పొరల ప్యాకింగుతో, దండం పెట్టి మరీ అప్పజెప్పాను. తెలియక చేసిన పని కాదది. అలా చేయకూడదని చెప్పే పదకొండు నియమాలు స్వయంగా రాసి, లామినేషన్ చేయించి, ఎదురుగా పెట్టుకుని చేశాను.

బళ్ళారిలో ఇనుప ఖనిజం గనులు జోరుగా నడుస్తున్న రోజులవి. లారీలు ఎర్రగా ఉండేవి, చెట్లు ఎర్రగా ఉండేవి, అమ్మ ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఎర్రచీరై లోపలికొచ్చేది. నేను మెకానికల్ డిప్లొమా చేసి రాయి పిండిచేసే ఒక క్రషర్లో జల్లెడల మరమ్మతు చూసేవాణ్ణి. ఏ బోల్టు ఎన్నాళ్ళకొకసారి బిగించాలో పట్టిక రాసి గోడకు అంటించడం నా ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా పట్టికలు అంటించడం నా జబ్బు. పాలు పొంగకుండా కాచే విధానం గురించి నేను రాసిచ్చిన ఆరు సూచనల కాగితాన్ని అమ్మ బజ్జీల నూనె పీల్చడానికి వాడుకుంది.

ఇక ఆ అపురూప వస్తువు సంగతి. మా చిన్నప్పుడు బబుల్‌గమ్ పొట్లంలో కుస్తీ పహిల్వాన్ల కార్డు ఒకటి వచ్చేది. మొత్తం అరవై. నేనూ మా అక్క పద్మా కలిసి యాభైతొమ్మిది కూడబెట్టాం. ముప్పై ఎనిమిదో నంబరు మాత్రం చిక్కలేదు. ఏడో నంబరేమో బంగారు అంచు కార్డు. మేమెరిగిన పిల్లల్లో ఇంకెవరి దగ్గరా లేదు. దానికోసం అక్క నమిలిన గమ్ముకు దవడపన్ను ఒకటి పుచ్చిపోయి, పీకించుకోవాల్సి వచ్చింది. కార్డు సగం నాదని నేననేవాణ్ణి. "పన్నులో సగం నీదారా?" అని అక్క అనేది. అక్కడితో వాదన ముగిసేది.

పాత కార్డులు మార్చుకునేవాళ్ళ ఫోరం ఒకటుందని నెట్ సెంటర్లో తెలిసింది. చేరిన రోజే నియమాలు రాశాను. మన కార్డు ముందుగా పంపరాదు. ఎదుటివాడు తన కార్డు పక్కన ఆ రోజు తేదీ చీటీ పెట్టి ఫోటో తీసి పంపాలి. అతన్ని ఎరిగినవారిని విచారించాలి. ఇంటి సంగతులు చెప్పరాదు. తొందరపెట్టేవాణ్ణి వదిలేయాలి. ఇలా పది. పదకొండోది: "పై పదింటికీ మినహాయింపులు లేవు."

వీటి బలంతో ఢిల్లీవాణ్ణి ఒకణ్ణి ఫోటో పంపలేదని తరిమాను. పుణే ఆయన రెండుసార్లు "త్వరగా" అన్నాడని వదిలేశాను. ఆయన పాపం మంచివాడేనని తర్వాత తెలిసింది. అయినా నియమం నియమమే.

అప్పుడు వచ్చాడు రాఘవ. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు: "ముప్పై ఎనిమిది నా కాడ ఉండాది. మీ కాడ ఏడు ఉండాదంట కదా?"

"మీరు యాడుంటారు?" అన్నాను.

"బళ్ళారి జిల్లానే అప్పా. కంప్లి."

మీరు బయటివారైతే ఇక్కడొక మాట చెప్పాలి. చుట్టూ కన్నడం, మధ్యలో తెలుగిళ్ళు. మా సరిహద్దు జిల్లాలో తెలుగువాడు తగిలితే మొదట ఊరడుగుతాం, తర్వాత ఇంటిపేరడుగుతాం, మూడో ప్రశ్నకు అతను మనకేమవుతాడో తేల్చేస్తాం. ఏమీ కాడని తేలితే ప్రశ్నలు సరిగా అడగలేదని అర్థం. పైగా అవి గనుల రోజులు. గని చిక్కినవాడికి చుట్టాలు భూమిలోంచి మొలిచేవారు. మాకు గని లేదు, చుట్టమూ మొలవలేదు. ఆ లోటు నన్ను లోలోపల తినేస్తూ ఉండేదనుకుంటా.

"మీది ఏ పక్కప్పా?" అని రాఘవే అడిగాడు.

"చోరనూరు. ఇప్పుడు బళ్ళారిలో ఉండాము."

"హౌదా! అవునా? చోరనూరులో మావాళ్ళు ఉండారే."

"ఎవురు? తిమ్మప్ప వాళ్ళా?"

"ఆ, వాళ్ళే."

"ఆయన మా చిన్నాయన! మా చిన్నమ్మ పుట్టినిల్లు కంప్లి పక్కనే!"

"అదే చెప్తాండా. ఆమె మాకు మేనత్త అయితాది."

"మీరు నరసన్న మామ కొడుకులా?"

"ఆయన కొడుకునే."

"అయితే నువ్వు నాకు బావవి!"

"నీ పేరేంది చెప్పు?"

"శీనప్ప."

"బాగుండావా శీనప్పా? అత్త బాగుందా?"

నాకు కళ్ళు చెమర్చాయి. నెట్ సెంటర్ కుర్చీలో కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను. బావ అన్నాక కూర్చుని మాట్లాడితే బాగుండదు కదా.

ఇంటికెళ్ళి అమ్మకు చెప్పాను. విచారించాలన్న నియమం ఉంది కనుక చిన్నమ్మకు ఫోన్ చేయించాను. చిన్నమ్మ అటువైపు నుంచి, "మా పెదనాయన కొడుకు నరసన్నకు నలుగురు కొడుకులు. రాకపోకలు లేక ఏండ్లాయె. ఇద్దరి పేర్లు నాకు గ్యాపకం లేవు. ఆ ఇద్దర్లో ఒకడు అయ్యుంటాడులే" అంది. నేను ఆ నియమం పక్కన టిక్కు పెట్టాను.

ఇక ఫోటో నియమం. "బావా, కార్డు పక్కన తేదీ రాసి ఫోటో ఒకటి…" అని మొదలుపెట్టాను.

"ఏంది శీనప్పా, ఇంటోళ్ళ మీదనే అనుమానమా? అత్తకు తెలిస్తే ఎంత బాధపడ్తాది?"

"అయ్యో, ఊరికే అన్నా బావా. మర్చిపో."

"నువ్వు ముందు పంపు. నేను ఎట్లాగూ ఆ పక్క వస్తాండా, చేతికిచ్చి పోతా. జల్దీ పంపప్పా."

పుణే ఆయన రెండుసార్లు తొందరపెడితే వదిలేసిన నేను, బావ తొందరను ప్రేమ కింద జమకట్టాను.

ప్యాకింగు విషయంలో మాత్రం ఒక్క నియమం తప్పలేదు. బటర్ పేపరు, రెండువైపులా గట్టి అట్ట, తడి తగలకుండా ప్లాస్టిక్ కవరు. ఆ కార్డు తుంగభద్రలో పడినా పహిల్వాను మీసం తడిసేది కాదు. నేను తాడు కడుతుంటే అమ్మ వచ్చి, "అల్లునింటికి ఉత్త కార్డు పంపుతావారా?" అని డబ్బా నిండా కర్జికాయలు తెచ్చిపెట్టింది. రాఘవ చెప్పిన చిరునామా కంప్లిలో ఒక లారీ పార్సిలాఫీసు. "ఈడికి పంపు, నేనే తీసుకుంటా" అన్నాడు.

మూడోరోజు జవాబు వచ్చింది. "కార్డు అందింది. కర్జికాయలు బాగుండాయి. బెల్లం రవ్వంత తక్కువ."

అదే ఆఖరి మాట. ఆ తర్వాత ఫోరంలో అతని పేరు నొక్కితే, అలాంటి సభ్యుడే లేడని వచ్చింది. వారం చూశాను. రెండో వారం, బావకు ఒంట్లో బాగాలేదేమోనని బెంగపడ్డాను. అవునండీ, నిజంగానే బెంగపడ్డాను.

మూడో వారం అక్క రేకుడబ్బా తెరిచింది. అక్క బళ్ళో లెక్కల టీచరు. ఎంచడం మొదలుపెడితే ఆపే దిక్కు లేదు.

"శీనా, ఏడు యాడరా?"

"మార్పిడికి పోయింది. ముప్పై ఎనిమిది వస్తాంది."

"మనకాడ ఉండేవి ఎన్ని?"

"యాభైతొమ్మిది."

"ఒకటిచ్చి ఒకటి తెస్తే ఎన్ని?"

ఆ లెక్క నాకు అంతవరకూ తట్టలేదు. డిప్లొమాలో ఫస్టుక్లాసు నాది.

"అదీ వచ్చుంటే కదా!" అంది అక్క. "ఎవనికిచ్చినావు?"

"కంప్లి బావకు."

అక్క నన్ను నెట్ సెంటర్‌కు లాక్కెళ్ళి, నా ఖాతాలో మిగిలిన మా సంభాషణ మొత్తం ప్రింటు తీయించింది. పరీక్షపేపరు దిద్దినట్టు ఎర్రపెన్నుతో దిద్దింది. "తిమ్మప్ప పేరు చెప్పింది ఎవురు?"

"నేను."

"నరసన్న పేరు?"

"…నేనే."

"నీ పేరు? చిన్నమ్మ పుట్టినిల్లు?"

"అవీ నేనే."

"వాడేం చెప్పినాడురా అయితే?"

తిరిగి చదివాను. వాడు చెప్పినవి "ఆ, వాళ్ళే", "అదే చెప్తాండా", ఇలాంటివే. మా వంశవృక్షం నేను నాటాను, నేనే నీళ్ళు పోశాను. వాడు వచ్చి కొమ్మ మీద కూర్చున్నాడు, అంతే.

"పోలీసుల కాడికి పోదామా?" అన్నాను.

"పోయి ఏమంటావు? పహిల్వాను బొమ్మ పోయింది సార్, కర్జికాయల డబ్బా గూడా పోయింది అంటావా?" అక్క కాసేపు నాలుకతో తన ఖాళీ దవడ తడుముకుంది. అలా చేసిందంటే ఎవరికో మూడిందన్నమాట. "వాడు చుట్టమన్నాడు కదా? చుట్టమంటే ఏందో వానికి చూపిద్దాం. వాడు దొంగని అమ్మకు చెప్పాకు."

ఆ తర్వాతి ఆదివారం కంప్లికి ఒక టెంపో బయలుదేరింది. అందులో అమ్మ, చిన్నమ్మ, చోరనూరు నుంచి తొమ్మిదిమంది చుట్టాలు, చిత్రాన్నం గంపలు, మేమిద్దరం. పార్సిలాఫీసు ముందు దిగి, అక్క గట్టిగా అడిగింది: "ఈడ రాఘవ అంటే ఎవురప్పా? మేము బళ్ళారి నుంచి అత్తగారోళ్ళం!"

మూటలు మోసే హమాలీ లోపలికి తిరిగి కేకేశాడు. "రాఘవా! మీవాళ్ళు వచ్చినారు!"

బుకింగ్ బల్ల వెనక సన్నగా, కొత్త చొక్కాలో ఉన్న గుమాస్తా లేచాడు. మా టెంపోను, గంపలను, పదమూడుమందిని చూశాడు. పారిపోవడానికి తలుపు ఒక్కటే. అందులో చిన్నమ్మ నిలబడి ఉంది.

చిన్నమ్మ అతని గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పింది. "అచ్చం మా నరసన్న ముక్కే!"

"లేదమ్మా, నేను…"

"గొంతు గూడా అదే!"

అక్క అతని పక్కకెళ్ళి మెల్లగా అంది: "కాదంటావా బావా? చెప్పు, మీ యజమాని ముందరనే మాట్లాడుకుందాం."

రాఘవ వంగి ఒక గంప అందుకున్నాడు. యజమాని మురిసిపోయి, "పోయి ఇల్లు చూపించప్పా, ఇంతమంది వచ్చినారు!" అని సెలవిచ్చాడు. ఆ రోజంతా రాఘవ గంపలు మోశాడు, నది ఒడ్డున మా పెద్దవాళ్ళను చేయిపట్టి దింపాడు, తన ఒంటిగదిలో పదమూడుమందికి విస్తళ్ళు వేశాడు. "ఈసారి బెల్లం సరిపోయిందా అల్లుడా?" అని అమ్మ కర్జికాయలు వడ్డించింది. అతను తలెత్తలేదు.

సాయంత్రం టెంపో ఎక్కేముందు రాఘవ గదిలోకి పోయి ఏడో నంబరు కార్డు తెచ్చాడు. అక్క చెయ్యి చాచింది. ఇంకో జానెడు దూరం.

"ఏందది?" అంది అమ్మ.

"శీనప్ప పంపిన కార్డు అత్తా. వాపస్ ఇస్తాండా. తీసుకోండి, నాకొద్దు."

"చాల్లే! మనోళ్ళకిచ్చింది ఎవురన్నా వెనక్కి తీసుకుంటారా?" అని అమ్మ ఆ కార్డు లాక్కుని, అతని కొత్త చొక్కా జేబులో పెట్టి, పైన ఒక తమలపాకు కూడా పెట్టి, రెండుసార్లు తట్టింది. "భద్రంగా పెట్టుకో నాయనా."

అక్క చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. చుట్టం కాదని చెప్పాలంటే పదకొండుమంది ముందు నా తెలివి గురించి చెప్పాలి. నేను కళ్ళతో బతిమాలాను. టెంపో కదిలింది. కంప్లి నుంచి బళ్ళారి దాకా అన్ని గుంతల్లోనూ అక్క మోచెయ్యి నా డొక్కలో తగిలింది. ఎన్ని గుంతలో నేను లెక్కపెట్టాను, చెప్పను.

ఆ కార్డుకు నీళ్ళు వదులుకున్నాం. అయితే మేం మరిచినా మా వాళ్ళు రాఘవను మరవలేదు. చోరనూరు చిన్నాయన వరి విత్తనాలకు వెళ్ళి మూడురోజులు అక్కడే ఉన్నాడు. ఒకాయన సిరుగుప్పకు సంబంధం చూడబోతూ, పెళ్ళిపెద్దగా అతన్ని వెంటబెట్టుకెళ్ళాడు. ఇంకొకరి కొడుకు పరీక్ష రాయడానికని వెళ్ళి, ఫలితాలు వచ్చేదాకా ఉండిపోయాడు. చిన్నమ్మ అయితే, "మా అల్లుడు కాదనడు" అని ఊరందరికీ ఆ చిరునామా రాసిచ్చింది.

మూడో నెలలో మాకొక పార్సిలు వచ్చింది. ప్లాస్టిక్ కవరు, రెండు గట్టి అట్టలు, బటర్ పేపరు. లోపల ఏడో నంబరు, ఒక చీటీ.

"శీనప్పా, నీకు దండం పెడతా. నేను తప్పు చేసినాను, ఒప్పుకుంటాండా. ఉద్యోగం ఇడిసిపెట్టి వేరే ఊరు పోతాండా. అత్తకు చెప్పు, చిన్నమ్మకు చెప్పు, అందరికీ చెప్పు. నేను మీకు ఏమీ కాను."

అక్క కార్డును గుండెలకు హత్తుకుంది. అమ్మ చీటీ చదివించుకుని, కళ్ళొత్తుకుని, కవరు వెనక్కి తిప్పి వెతకసాగింది.

"ఏం వెతుకుతాండావమ్మా?"

"పోయే ఊరి అడ్రెస్ రాసినాడేమోనని. బిడ్డ ఒంటరిగా ఉంటాడు కదరా."

కనుక, క్రషర్ సాక్షిగా, జల్లెడ సాక్షిగా, బిగించిన ప్రతి బోల్టు సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఇంటర్నెట్‌లో ఏ అపరిచితుడితోనూ చుట్టరికం కలుపుకోను. ఊరడిగితే డ్యాములో మునిగిపోయిందంటాను. ఇంటిపేరడిగితే పెట్టుకోలేదంటాను. చిన్నమ్మ ఉందా అంటే, మా వంశంలో ఆడవాళ్ళు పుట్టే ఆచారమే లేదంటాను. ఇది పన్నెండో నియమం. దీన్ని లామినేషన్ చేయించలేదు. చేయిస్తే, ఆ లామినేషన్ షాపువాడిది ఏ ఊరని అమ్మ అడుగుతుంది.