ఒంటికన్ను ప్రార్థన

మొన్న ఆదివారం చర్చిలో నేను ఒక కన్ను తెరిచి ప్రార్థన చేస్తుంటే మా అమ్మాయి ఫోన్లో ఫోటో తీసింది. “సంఘపెద్దవై ఉండి ఇదేం పద్ధతి నాన్నా” అని ఇంట్లో ఒకటే నవ్వు. ఆ కన్ను ఎందుకు మూతపడదో మీకైనా చెప్తా వినండి.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. జమ్మలమడుగు పక్కన పల్లె మాది. ఎలక్షన్లు అయిపోయినా ఊళ్ళో రెండు పార్టీల పగ చల్లారలేదు. తెలియని జీపు వచ్చిందంటే చాలు, జనం ఎక్కడి పని అక్కడ వదిలేసి ఇళ్ళల్లో దూరి తలుపులేసుకునేవాళ్ళు.

మా నాయన బడి అయ్యవారు, సంఘపెద్ద కూడా. టైఫాయిడ్‌తో మంచం పట్టినాడు. నెల ముందే నేను మొదటిసారి ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం తీసుకుని ఉన్నాను. నన్ను పిలిచి, “బల్ల తీసుకున్నావు, ఇంక పిల్లోడివి కాదురా. సాయంత్రం ప్రార్థన కూడిక నువ్వే నడపాల. ఆమెన్ అనేదాక ఆ మంది నీ పూచీ” అన్నాడు.

నాయన తెల్లచొక్కా వేసుకుని, దాని పొడుగు చేతులు పైకి మడిచి, కూడిక జరిగే సువార్తమ్మ అవ్వ ఇంటికి పోయినాను. వసారా నిండా జనం. పాటలు బాగానే సాగినాయి. కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టినాను. నాయన ఆరోగ్యం, వానలు, రెండు పార్టీల పెద్దల మనసు మారడం, మధ్యాహ్నమంతా బట్టీ పట్టిందంతా బయటికొస్తాంది. అంతలో చాపలు జరిగిన చప్పుడు, అడుగుల చప్పుడు. నా మాటలకు కరిగి అందరూ మోకాళ్ళ మీదికి వచ్చినారనుకున్నాను. నా అరుపు తప్ప నాకింకేమీ వినపడనంతగా గొంతు పెంచినాను. తర్వాత చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. నా మీద నాకే ముద్దొచ్చి ఇంకో పది నిమిషాలు పొడిగించినాను.

కళ్ళు తెరిస్తే చాపలు ఖాళీ. జనం లేరు, వాళ్ళ చెప్పులున్నాయి. ఎదురుగా అవ్వ ఒక్కతే, కళ్ళు మూసుకుని వణుకుతాంది. వాకిట్లో జీపు. దాని డ్రైవరు ఖాళీ డబ్బాతో భక్తిగా నిలబడి ఉన్నాడు.

“అయిపోయిందాన్నా? రేడియేటర్‌కు రవ్వన్ని నీళ్ళు కావాల. పెండ్లిచీరలకు ప్రొద్దుటూరు పోతాండాం” అన్నాడు.

నేను మెల్లగా “ఆమెన్” అన్నాను. అప్పుడు కళ్ళు తెరిచింది అవ్వ.

“నువ్వెందుకు పోలేదవ్వా?”

“యాడికి పోయేదిరా? నువ్వు ఆమెన్ అంటేగదా లేసేది. శానా బయపడితి. ఆ జీపు పోదు, నీ ప్రార్థన తెగదు.”

మరునాడు అవ్వ మా నాయన మంచం దగ్గర కూర్చుని, “అందరూ పరిగెత్తినారప్పా. నీ కొడుకు మాత్రం కదల్లా. పెద్దోడైనాడు” అని చెప్పింది. నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. జీపు వచ్చిందని నాకు తెలియనే తెలియదని చెప్పాల్సింది. ఆ చెయ్యి విడిపించుకోబుద్ధి కాక చెప్పలేదు. ఆ మాట నమ్ముకునే ఆయన పోయినాడు. ధైర్యమంతా అవ్వది, పేరు నాది. ఇద్దరూ ఇప్పుడు లేరు.

ఆ రోజు నుంచి ప్రార్థన సగానికి రాగానే ఒక కన్ను తెరిచి, నా పూచీ మంది ఉన్నారో లేదో చూసుకుంటా. ఆ జీపుల కాలం పోయిందిలెండి. ఇప్పుడు మందిని లేపి ఇంటికి పంపడానికి జీపు అక్కర్లేదు, నా పొడుగు ప్రార్థన చాలు.