బంక చుక్కలు ఆరిన రోజు

నా చిన్నప్పుడు పటమటలో మా పక్కింటి అక్క డాబా మీద పురుగులను తినే మొక్కలు పెంచేది. ఆమె కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. బాపట్ల వైపు తడి ఇసుకలో దొరికిన ఆ మొక్కలను సన్‌డ్యూ అంటారని చెప్పింది. ఒక్కొక్కటి రూపాయి బిళ్లంత ఉండేది. ఎర్రటి ఆకుల నిండా సన్నని నూగు, ప్రతి నూగు చివరా ఒక బంక చుక్క. ఎండలో కూడా ఆ చుక్కలు ఆరేవి కావు. దోమ వాలి అంటుకుంటే ఆకు మెల్లగా దాని మీదికి ముడుచుకునేది.

అంతకుముందు రెండుసార్లు తెచ్చి పెంచితే రెండుసార్లూ చచ్చిపోయాయి. ఎందుకో తేల్చుకోవాలని మూడోసారి మట్టి మూకుడులో ఉత్త ఇసుక పోసి నాటి, పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకుంది. రోజూ పొద్దున్నే చూసింది చూసినట్టు ఒక్క వాక్యం రాసేది.

ఆ కార్తీకంలో అక్క తన వదిన పురిటికని గుడివాడ వెళ్తూ పది రోజులకు మొక్కలనూ పుస్తకాన్నీ నాకు అప్పగించింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. జాడీలో పట్టి ఉంచిన వాన నీళ్లు తప్ప మరేమీ పోయవద్దని, రోజూ ఒక వాక్యం రాయమని చెప్పింది.

మాది వ్యవసాయం చేసే ఇల్లు. బక్కగా ఉన్న మొక్క కనబడితే ఎరువు వేయకుండా మా వాళ్ల చేతులు ఊరుకోవు. రెండు రోజులైనా ఒక్క దోమా పడకపోయేసరికి అవి పస్తులుంటున్నాయని నాకు బెంగ పట్టుకుంది. మా దొడ్లో మాగిన పేడ ఎరువు కాలవ నీళ్లలో కలిపి పోశాను. ప్రేమగానే పోశాను. బంక చుక్కలు ఆరిపోయాయి, ఆకులు నల్లబడ్డాయి. భయంతో డాబా ఎక్కడమే మానేశాను. అక్క వచ్చే ముందు రోజు మా అరుగు మీద కూర్చుని పుస్తకంలో అన్ని రోజులకూ ఒకే మాట రాసేశాను: బాగున్నాయి.

అక్క ప్రయాణపు చీర మార్చుకోకుండానే డాబా ఎక్కింది. మూకుడు చూసింది. పుస్తకం తిరగేసింది. తిట్టలేదు. పుస్తకం మూస్తూ అంది:

"మొక్కలు పోతే మళ్లీ తెచ్చుకుంటానే అమ్మాయ్. అవి ఏ రోజు పోయాయో ఇప్పుడు నాకెవరు చెప్తారు?"

ఏడుస్తూ ఎరువు సంగతి చెప్పాను. నేను రాసిన వాక్యాలను చెరపకుండా కొట్టేయమని, నిజంగా చూసింది పక్కన రాయమని పెన్సిలు నా చేతికిచ్చింది.

"చూడని రోజుకీ గుర్తులేని రోజుకీ గీత గీసి వదిలెయ్. కథలల్లకు."

ఐదు రోజులు గుర్తొచ్చాయి. మిగిలిన ఐదింటికీ గీతలే. ఎరువు పోసింది బుధవారం. శుక్రవారానికి చుక్కలు లేవు. ఆ రెండు వాక్యాలనూ అక్క పదే పదే చదువుకుంది. బలం లేని నేలలో బతకడానికే ఈ మొక్క పురుగును పట్టడం నేర్చిందని, మన నేల సారమే దానికి విషమని నాకు చెప్పింది. అది పుస్తకాల్లో చదివి కూడా, ముందు రెండుసార్లూ గుప్పెడు నల్లమట్టి కలపకుండా ఉండలేకపోయానని ఒప్పుకుంది.

మరుసటి వారం నాకూ ఒక నోటు పుస్తకం కొనిచ్చింది. అప్పటినుంచి రాస్తూనే ఉన్నాను. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక మా ఫ్లాటు బాల్కనీలో సన్‌డ్యూలు పెంచుతున్నాను. వాన నీళ్లలాగే ఉప్పూ సారమూ లేనివని, ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లు పట్టి కుండీల కింద పళ్లేల్లో పోస్తాను. ఏదైనా చచ్చిపోతే ఆ రోజు పేజీలో పోయిందనే రాస్తాను.

మా వారు మంచాన పడ్డ ఏడాది, ఫోన్ చేసిన వాళ్లందరికీ బాగానే ఉన్నారండీ అని చెప్పాను. డైరీలో మాత్రం ఆ మాట రాయలేదు. ఈ రోజు రెండు ముద్దలే తిన్నారు. ఈ రోజు నన్ను గుర్తుపట్టలేదు. ఇలాగే రాశాను. ఆ డైరీ తెరవడానికి ఇప్పటికీ నాకు మనసు రాదు. కానీ ఆయన చివరి రోజులు ఒక్కటీ తప్పిపోకుండా అందులో ఉన్నాయి.