మేష్టారి కాలేయం, నా వ్యాసం

కాలేయం క్యాన్సరు మీద, దాన్ని స్కానింగులో పట్టుకోవడం మీద నేను రాసినవన్నీ వరసగా పేరిస్తే చూడ్డానికి బాగానే ఉంటాయి. చదవడానికి నాకే ఓపిక ఉండదు. ఎనభైల మధ్యలో, కాకినాడలో కుర్రడాక్టరుగా ఉన్న రోజుల్లో మాత్రం, ఆ వరసలో మొదటిది అచ్చవుతుందో లేదో తెలియక నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. "నా పేపరు పడబోతోంది" అని కొత్తపేటలో మా నాన్నగారికి చెప్పడం నా తెలివితక్కువ. ఆయన రోజూ పొద్దున్నే దినపత్రిక మొదటి నుంచి చివరి దాకా తిరగేసి, "ఇవాళా నీది వెయ్యలేదురా, కొబ్బరి ధర వేసేరు" అనేవారు.

వ్యాసంలో ముగ్గురు రోగులు. ఇద్దరివి క్యాన్సరు గడ్డలే, అనుమానం లేదు. మూడోవారు రాజోలు దగ్గర పల్లెలో రిటైరైన బడి మేష్టారు. ఆయన కాలేయంలో కనబడిన నల్లటి మచ్చ కూడా క్యాన్సరేనని మా ప్రొఫెసరుగారన్నారు. కాదు, చీముగడ్డ, మందులకే కరుగుతుందని నేనన్నాను. వ్యాసమంతా ఆ తేడా గురించే. వైద్యపత్రిక సంపాదకులేమో ఆ మనిషి ఇప్పుడెలా ఉన్నాడో కొత్త బొమ్మ తీసి చూపిస్తేనే వేస్తామన్నారు. మచ్చ పోయి ఉంటే ఆయన బతుకుతారు, నా మాటా బతుకుతుంది. ఉంటే ఇద్దరం పోయినట్టే.

మందులిచ్చి పంపి, మళ్ళీ రమ్మన్నా మేష్టారు రాలేదు. నేనే వెళ్ళేను. వాకిట్లో కుర్చీ వేసి కూచోబెట్టేరు.

"రాలేదేమండీ?"

"ఏం చెప్తారోనని భయమండీ," అన్నారాయన నవ్వుతూ. "ఇంతకీ నేను బాగుండాలన్నది నా కోసమాండీ, మీ వ్యాసం కోసమాండీ?"

"రెండూ ఒకటేనండీ."

"ఆయ్. అయితే మీరే నాకంటే ఎక్కువ బెంగపడుతున్నారేంటండీ?"

నేను స్కానింగు సంగతిలోకి దిగేను. కడుపులో తిండీ గాలీ ఉంటే కాలేయం సరిగా కనబడదనీ, ముందు రాత్రి భోజనం తరవాత ఏమీ ముట్టవద్దనీ చెప్పేను. మంచినీళ్ళు కూడా తాగనన్నారు. ఆయన కొత్తపేటలో చెల్లెలుగారింట్లో పడుకుని, పొద్దున్నే ఆ ఊళ్ళోనే ఉన్న మా ఇంటికొస్తే తొలి బస్సుకి కలిసి కాకినాడ వెళ్ళాలని అనుకున్నాం.

ఆ పొద్దున్న నేను స్నానం చేసి వచ్చేసరికి మేష్టారు మా హాల్లో పీట మీద కూచుని, మినపట్టు చివరి ముక్క అల్లప్పచ్చడిలో అద్దుకుంటున్నారు.

అమ్మని వంటింట్లోకి లాక్కెళ్ళి, "రాత్రే చెప్పేను కదమ్మా, పెట్టొద్దని" అన్నాను.

"చెప్పేవు. ఆయన్ని కూచోబెట్టి ఏమీ పెట్టకపోతే, తాము క్రైస్తవులని పెట్టలేదనుకోరూ? నువ్వు వెళ్ళిపోతావు, ఊళ్ళో ఉండేది నేను."

బస్సు రావులపాలెం దాటింది. ఇక ఉండబట్టలేక, "మీకూ చెప్పేను కదండీ" అన్నాను.

"చెప్పేరండీ." ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. "మా నాన్న ఇలాంటి ఇళ్ళలో పాలేరండీ. పెరట్లో ఆకు పట్టుకుని నుంచునేవాడు. ఇవాళ మీ అమ్మగారు హాల్లో పీటేసి కంచం పెట్టేరు. వద్దంటే, మేష్టారికి పొగరనుకోరాండీ? రెండో అట్టు మాత్రం వద్దన్నానండీ."

వాళ్ళిద్దరి మర్యాదా కలిసి నా కాలేయాన్ని, అంటే ఆయన కాలేయాన్ని, కప్పేసేయి. ఆసుపత్రికి వెళ్ళగానే ఆత్రంకొద్దీ ఓసారి స్కానింగు పెట్టి చూసేను. తెర మీద గాలి తప్ప ఏమీ లేదు. మచ్చ ఉండే చోటు సరిగ్గా దాని వెనకే ఉంది. సాయంత్రం దాకా ఆగక తప్పదు.

మేష్టారు బెంచీ మీద తువ్వాలు తలకింద పెట్టుకుని హాయిగా నిద్రపోయేరు. నేను వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగేను. క్యాంటీనుకి వెళ్ళి కాఫీ చెప్పి, అది రాకముందే లేచి వచ్చేసేను. ప్రొఫెసరుగారు ఎదురొచ్చి, "మీ ఇద్దరిలో రోగి ఎవరయ్యా?" అన్నారు.

సాయంత్రం మేష్టారిని మళ్ళీ బల్ల మీద పడుకోబెట్టేను. జెల్లీ చల్లగా తగిలి ఉలిక్కిపడ్డారు. "గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టండి" అన్నాను. కాలేయం పక్కటెముకల కిందనుంచి మెల్లిగా దిగి తెర నిండా పరుచుకుంది. గాలి లేదు. మచ్చ ఉండాల్సిన చోటికి వచ్చేను. దాటిపోయి, వెనక్కి వచ్చేను. పక్కకి వంచి చూసేను. బూడిదరంగులో, కోత కోసిన చేనులా, అంతా ఒకే తీరుగా ఉంది. ఇంత మచ్చలేని మనిషిని నేను అంతకుముందు చూడలేదు. బొమ్మ తియ్యాలన్న సంగతి గుర్తు రాలేదు. వ్యాసమూ గుర్తు రాలేదు. మళ్ళీ పై నుంచి కిందికి చూస్తూనే ఉన్నాను.

"డాక్టరుగారండీ," అన్నారు మేష్టారు, బిగబట్టిన గొంతుతో. "ఊపిరి వదలొచ్చాండీ?"